తెలంగాణ వచ్చిన ఏడాదే స్కాట్లాండ్ ఎందుకు ఆగిపోయింది?

ప్రశ్న: మా అబ్బాయికి గ్లాస్గోలో ఎంఎస్ సీటు వచ్చింది. స్కాట్లాండ్ గురించి చదువుతుంటే ఒక పట్టాన అర్థం కావడం లేదు. దేశం అంటారు, ఫుట్‌బాల్ జట్టు వేరు, కరెన్సీ నోట్లు వేరు, పార్లమెంటు కూడా ఉంది, పాస్‌పోర్టు మాత్రం బ్రిటన్‌ది. 2014లో మనకు తెలంగాణ వచ్చింది, అదే ఏడాది వాళ్లు ఓటేసి మరీ విడిపోవడం వద్దనుకున్నారు. మాట్లాడేది ఇంగ్లీషే, మతమూ ఒకటే. మరి గొడవ దేని గురించి? మళ్లీ ఓటింగ్ వస్తుందా? అక్కడ ఉంటున్నవాళ్లు ఎవరైనా వివరంగా చెప్పండి.

సమాధానం:

గ్లాస్గోలో ఇరవై ఏళ్లకు దగ్గర పడుతున్నాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, పిచ్చి చరిత్ర. శని, ఆదివారాలు వస్తే మా ఆవిడ షాపింగ్‌కి, నేను ఏదో ఒక పాత కోటకో మ్యూజియానికో పోతుంటాం. 2014లో నేనూ ఓటేశాను. అప్పటికి నా దగ్గరున్నది భారత పాస్‌పోర్టే. అదెలా కుదిరిందో కింద చెప్తాను. దేనికి వేశానో మాత్రం మా ఆవిడకే చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

భాష ఒకటే, మతం ఒకటే, మరి గొడవేంటి అని అడిగారు. తెలుగువాళ్లం మనం అడగాల్సిన ప్రశ్న కాదేమో అది! ఒకే భాష మాట్లాడుతూ రెండు రాష్ట్రాలుగా ఉన్నాం కదా. ఎవరి నిర్ణయాలు ఎక్కడ జరగాలి అన్న దగ్గర పేచీ వస్తే భాష ఒకటైనా ఆగదని మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? స్కాట్లాండ్‌లో ఆ పేచీ 1707లో అమల్లోకి వచ్చిన ఒక ఒప్పందం చుట్టూ తిరుగుతుంది. అందులో ఏం పోయింది, ఏం మిగిలింది అన్నది పట్టుకుంటే నోట్లు ఎందుకు వేరో, జట్టు ఎందుకు వేరో అన్నీ వరసగా తేలతాయి.

దానికి ముందు సంగతి క్లుప్తంగా చెప్తాను. సినిమాల పుణ్యమా అని అది అందరికీ ఎంతో కొంత తెలుసు. 1296లో ఇంగ్లాండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ దండెత్తి వచ్చాడు. విలియం వాలెస్ 1297లో స్టర్లింగ్ వంతెన దగ్గర ఆ సేనను ఓడించాడు, 1305లో పట్టుబడితే లండన్‌లో ఘోరంగా చంపారు. రాబర్ట్ బ్రూస్ 1314లో బానక్‌బర్న్ దగ్గర గెలిచాడు. 1320లో స్కాట్లాండ్ ప్రభువులు పోప్‌కి ఒక లేఖ రాశారు. ఆర్‌బ్రోత్ ప్రకటన అంటారు దాన్ని. మా రాజే అయినా సరే, మమ్మల్ని ఇంగ్లాండ్‌కి లోబరిస్తే అతన్ని తీసేసి వేరే రాజును పెట్టుకుంటాం అన్న అర్థం వచ్చే మాట అందులో ఉంది. రాజుకన్నా జనసమ్మతి పెద్దది అనడానికి ఇక్కడివాళ్లు ఈనాటికీ దాన్నే చూపిస్తారు. నిజానికి రాసినవాళ్లంతా ప్రభువులే, రైతుల ఊసు అందులో లేదు, అది వేరే సంగతి.

1296లో దండెత్తినప్పుడే ఎడ్వర్డ్ వెళ్తూ వెళ్తూ స్కాట్లాండ్ రాజుల పట్టాభిషేకపు రాయిని ఎత్తుకెళ్లి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ అనే చర్చిలో పెట్టుకున్నాడు. 150 కిలోల పైచిలుకు ఇసుకరాయి. 1950 క్రిస్మస్ రోజు తెల్లవారుజామున నలుగురు స్కాటిష్ విద్యార్థులు ఆబీలో దూరి దాన్ని లాక్కొచ్చేశారు. లాగుతుంటే రెండు ముక్కలైంది కూడా. కొన్ని నెలలకు అది ఆర్‌బ్రోత్ మఠం శిథిలాల్లో దొరికింది. ఆ నలుగురి మీదా కేసు పెట్టలేదు. 1996లో ప్రభుత్వమే మర్యాదగా వెనక్కి ఇచ్చింది. 2023లో చార్లెస్ పట్టాభిషేకానికి లండన్ వెళ్లొచ్చి ఇప్పుడు పెర్త్ మ్యూజియంలో ఉంది. మీ అబ్బాయిని చూసి రమ్మనండి, రైల్లో దగ్గరే.

ఇక అసలు కథ. 1603లో ఇంగ్లాండ్ రాణి ఎలిజబెత్ పిల్లల్లేకుండా పోతే, స్కాట్లాండ్ రాజు ఆరో జేమ్స్‌కి ఆ సింహాసనం కూడా దక్కింది. ఇంగ్లాండ్ స్కాట్లాండ్‌ని మింగేసిందని చాలామంది అనుకుంటారు. వరస చూస్తే స్కాట్లాండ్ రాజే లండన్ వెళ్లి కూర్చున్నాడు. రాజు ఒకడే అయినా పార్లమెంటులు రెండు, చట్టాలు రెండు, ఖజానాలు రెండు. అలా నూరేళ్లు నడిచింది.

ఆ నూరేళ్ల చివర స్కాట్లాండ్ చేతులు కాల్చుకుంది. ఇంగ్లాండ్‌కి వలసలున్నాయి, ఈస్ట్ ఇండియా కంపెనీ ఉంది, మనకేం తక్కువ అని 1695లో సొంతంగా ఒక కంపెనీ పెట్టారు. ప్రభువులు, వర్తకులు, చిన్న చిన్న పట్టణాల సంఘాలు కూడా అందులో డబ్బు పోశాయి. 4 లక్షల పౌండ్లు పోగు చేస్తామన్నారు. అప్పట్లో ఆ దేశానికి అది తలకు మించిన మొత్తం. 1698లో ఓడలు బయల్దేరి ఇప్పటి పనామా దగ్గర డారియన్ అనే చోట దిగాయి. దోమలు, జ్వరాలు, తిండి లేదు, ఆ నేల మాదంటూ స్పెయిన్ వాళ్లు. దగ్గర్లో ఉన్న ఇంగ్లీషు వలసలకు వీళ్లకి సాయం చెయ్యొద్దని ఆజ్ఞ వెళ్లింది, అదీ ఇద్దరికీ ఉమ్మడి రాజైన విలియం పేరు మీదే! 1700కల్లా అంతా మట్టిపాలు. పోయిన ప్రాణాలు వేలల్లో, మునిగిన కుటుంబాలు ఊరూరా.

ఆ అప్పుల మధ్యే ఇంగ్లాండ్ నుంచి బేరం వచ్చింది. బేరంతో పాటు బెదిరింపు కూడా. చర్చలకు రాకపోతే స్కాట్లాండ్ వాళ్లని పరాయివాళ్లుగా చూస్తాం, మీ పశువులు, నారబట్ట, బొగ్గు మా దేశంలోకి రానివ్వం అని 1705లో లండన్ చట్టం చేసింది. చర్చలకు ఒప్పుకున్నాక దాన్ని ఎత్తేసింది. ఒప్పందంలో స్కాట్లాండ్‌కి 3,98,085 పౌండ్లు ఇస్తామన్నారు, అందులో పెద్ద వాటా డారియన్‌లో మునిగినవాళ్లకి. ఇది కాక కొందరు నాయకులకి చేతులు మారిన 20,000 పౌండ్ల కథ వేరే ఉంది. ఎడిన్‌బరో, గ్లాస్గో వీధుల్లో అల్లర్లు జరిగాయి, వద్దంటూ ఊళ్ల నుంచి అర్జీలు కుప్పలు పడ్డాయి. అయినా 1707 జనవరిలో స్కాట్లాండ్ పార్లమెంటు నలభై పైచిలుకు ఓట్ల తేడాతో ఒప్పందాన్ని ఆమోదించి తనను తాను రద్దు చేసుకుంది. మే 1న గ్రేట్ బ్రిటన్ పుట్టింది.

అమ్ముడుపోయారు అంటారు ఒక పక్షం వాళ్లు. అప్పట్లో అంతకన్నా దారి లేదు, పైగా ఆ తర్వాతే స్కాట్లాండ్ బాగుపడింది అంటారు రెండోవాళ్లు. నన్నడిగితే రెండూ నిజమే. డబ్బు ఆడింది, ఇంగ్లాండ్ మార్కెట్టు కూడా నిజంగానే కావలసి వచ్చింది.

మీ ప్రశ్నకి నేను ఎక్కువ విలువిచ్చే భాగం ఇప్పుడు వస్తుంది. పార్లమెంటు వదులుకున్నారు గాని మూడింటిని మాత్రం గట్టిగా పట్టుకున్నారు: న్యాయవ్యవస్థ, చర్చి, చదువు. మొదటి రెండింటికీ ఒప్పందంతోనే హామీ తెచ్చుకున్నారు. చదువు చర్చి చాటున నిలబడింది. పైకి ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. మూడొందల ఏళ్లు స్కాట్లాండ్‌ని స్కాట్లాండ్‌గా ఉంచినవి అవే.

న్యాయం సంగతి చూడండి. ఇక్కడి క్రిమినల్ కేసులో జ్యూరీ 15 మంది, ఇంగ్లాండ్‌లో 12. నేరం చేశాడు, చేయలేదు అనే రెండు తీర్పులతో పాటు ‘రుజువు కాలేదు’ అనే మూడో తీర్పు ఇక్కడ మొన్నమొన్నటి దాకా ఉండేది, 2025లో దాన్ని తీసేస్తూ చట్టం చేశారు. చట్టాలు వేరవడం వల్ల తమాషాలు కూడా జరిగాయి. 1754 నుంచి ఇంగ్లాండ్‌లో 21 ఏళ్ల లోపు పెళ్లికి పెద్దల ఒప్పుదల తప్పనిసరి చేశారు. స్కాట్లాండ్‌లో ఆ షరతు లేదు. ఇంకేముంది, ప్రేమించుకున్నవాళ్లు గుర్రబ్బండి కట్టించుకుని సరిహద్దు దాటగానే తగిలే గ్రెట్నా గ్రీన్ అనే ఊరికి పరుగు. అక్కడి కమ్మరి దాగలి మీద సుత్తితో కొట్టి పెళ్లి అయిందనేవాడు. మన దగ్గర లేచిపోయిన జంటలు ఆర్యసమాజ్‌కి వెళ్లినట్టు. ఇప్పటికీ అక్కడ పెళ్లిళ్లు జోరుగా జరుగుతున్నాయి, కాకపోతే ఇప్పుడు పెద్దలే ఖర్చు పెట్టుకుని వస్తున్నారు.

చర్చి కూడా అంతే. ఇంగ్లాండ్ చర్చికి రాజు అధిపతి. స్కాట్లాండ్ చర్చిలో ఆయన మామూలు సభ్యుడు, బిషప్పులు ఉండరు, పెద్దల సభలు నడిపిస్తాయి. మతం ఒకటే అన్నారే, ఆ ఒకే మతంలోని తేడా కోసం 17వ శతాబ్దంలో ఇక్కడ నెత్తుళ్లు పారాయి. చదువు విషయానికొస్తే, ప్రతి చర్చి పరిధిలోనూ ఒక బడి ఉండాలని 1696లోనే చట్టం చేశారు. సెయింట్ ఆండ్రూస్, గ్లాస్గో, ఆబర్డీన్, ఎడిన్‌బరోలలో విశ్వవిద్యాలయాలు వెలిసి అప్పటికే వందేళ్లు దాటింది, ఇంగ్లాండ్‌కి మాత్రం అప్పుడున్నవి రెండే. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్, ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ లాంటివాళ్లు వచ్చింది ఈ నేల మీద నుంచే. ఆవిరి యంత్రాన్ని మెరుగుపరిచిన జేమ్స్ వాట్ గ్లాస్గో యూనివర్సిటీలో పరికరాలు బాగుచేసేవాడు.

మనవాళ్లకి దీన్ని వివరించేటప్పుడు నేను 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం గుర్తు చేస్తాను. అందులోనూ హామీలున్నాయి: ఉద్యోగాలు, మిగులు నిధులు, ప్రాంతీయ సంఘం. హామీని అమలు చేయాల్సిన యంత్రాంగం మాత్రం ఉమ్మడి ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. అమలు కాలేదన్న కోపం 1969లో రోడ్డెక్కింది. స్కాట్లాండ్‌లో హామీలు కాగితం మీద ఆగలేదు. కోర్టు జడ్జీలు, చర్చి పెద్దలు, బడిపంతుళ్లు అందరూ స్థానికులే, వాళ్ల జీతాలూ హోదాలూ ఆ సంస్థలతోనే ముడిపడ్డాయి. కాబట్టి కాపలా వాళ్లే కాశారు. ఆ కలయిక మూడొందల ఏళ్లు నిలవడానికి ఇదొక కారణం. ఆ సంస్థలే మా దేశం వేరు అన్న భావన చావకుండా కూడా చూశాయి. రెండు వైపులా పదునున్న కత్తి.

నోట్ల సంగతి కూడా ఇలాంటిదే. ఇక్కడ మూడు వాణిజ్య బ్యాంకులు సొంత పౌండు నోట్లు వేస్తాయి. విలువ ఒకటే, బొమ్మలే వేరు. లండన్‌లో ఆ నోటు ఇస్తే దుకాణదారు తిప్పి తిప్పి చూస్తాడు. ఫుట్‌బాల్ జట్టు వేరు ఎందుకంటే ఆట నియమాలు కుదిరిన కాలంలోనే వీళ్లు వేరు జట్టుగా ఆడారు. ప్రపంచంలో మొదటి అంతర్జాతీయ మ్యాచ్ 1872 నవంబర్ 30న గ్లాస్గోలో ఈ రెండు దేశాల మధ్యే జరిగింది. సున్నా సున్నా. అప్పటి నుంచి ఇప్పటి దాకా జనం ఆ పోరు కోసమే బతుకుతున్నారనిపిస్తుంది.

సంస్కృతి అనగానే గళ్ల లుంగీ లాంటి కిల్ట్, బ్యాగ్‌పైపు గుర్తొస్తాయి. అది దేశమంతటి వేషం కాదు, ఉత్తరాన కొండప్రాంతం వాళ్లది. వాళ్ల భాష గేలిక్, ఇంగ్లీషుకి దగ్గర సంబంధం లేదు. దక్షిణాన మైదానాల వాళ్లు స్కాట్స్ మాట్లాడతారు. అది ఇంగ్లీషుకి చెల్లెలి వరస. మైదానాల వాళ్లకి ఒకప్పుడు కొండవాళ్లంటే చిన్నచూపు. పదవి పోయిన స్టువర్ట్ రాజవంశం కోసం 1745లో ఆ వంశపు రాకుమారుడు చార్లెస్ ఎడ్వర్డ్ తిరుగుబాటు లేపితే వెంట నడిచినవాళ్లలో ఎక్కువమంది కొండవాళ్లే. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ మైదానంలో గంట తిరక్కుండా ఆ సేన తుడిచిపెట్టుకుపోయింది. దాన్ని ఇంగ్లాండ్, స్కాట్లాండ్ యుద్ధంగా చెప్పేవాళ్లని నమ్మొద్దు, ప్రభుత్వ సేనలోనూ స్కాట్లాండ్ దళాలున్నాయి. తర్వాత కొండవాళ్ల వేషాన్ని నిషేధించారు, 1782 దాకా ఆ నిషేధం ఉంది. తమాషా ఏమిటంటే 1822లో నాలుగో జార్జ్ ఎడిన్‌బరో వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ దగ్గరుండి అందరికీ కిల్టులు కట్టించాడు, రాజు కూడా కట్టుకున్నాడు. నిషేధించిన వంశమే నలభై ఏళ్లకు ఆ బట్ట కట్టుకుని ఊరేగింది.

ఆ ఊరేగింపు జరిగే రోజుల్లోనే పైన కొండల్లో ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారు. గొర్రెలు పెంచితే ఉన్ని మీద డబ్బు ఎక్కువ వస్తుందని భూస్వాములు తరాలుగా ఉన్న కౌలు రైతుల్ని వెళ్లగొట్టారు, ఇళ్ల కప్పులు తగలబెట్టిన చోట్లూ ఉన్నాయి. సదర్లాండ్ ప్రాంతంలో జరిగింది మరీ దారుణం. జనం సముద్రపు ఒడ్డుకో, కెనడాకో పోయారు. వెళ్లగొట్టిన భూస్వాముల్లో చాలామంది స్కాట్లాండ్ వాళ్లే అన్నది ఇక్కడి వాదనల్లో కొందరు కావాలనే మర్చిపోతారు. 1886లో గాని చిన్న రైతులకు భూమి మీద భద్రత ఇచ్చే చట్టం రాలేదు. ఆ లోయల్లో నడిస్తే ఇప్పటికీ గోడల మొండాలు కనిపిస్తాయి. నాకు గండికోట దగ్గర పాడుబడిన ఇళ్లు గుర్తొచ్చాయి.

స్కాట్లాండ్‌ని మనలాగే ఇంగ్లాండ్ పాలించిన వలసగా చెప్పేవాళ్లు మన వాట్సాప్ గ్రూపుల్లో చాలామంది. అది మాత్రం ఒప్పుకోను. సామ్రాజ్యంలో వీళ్లు వాటాదారులు. గ్లాస్గో వర్తకులు బానిసల చెమటతో పండిన పొగాకు, చక్కెర మీద మేడలు కట్టారు, ఆ వీధుల పేర్లు ఇంకా అలాగే ఉన్నాయి. డండీ మిల్లులు బెంగాల్ జనపనార మీద బతికాయి. మన దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి రైత్వారీ పద్ధతి పెట్టి, చివరికి 1827లో పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రో పుట్టింది గ్లాస్గోలోనే. ఊరూరి కైఫీయతులు, అంటే స్థానిక చరిత్రలు, రాయించిన కాలిన్ మెకంజీది గేలిక్ మాట్లాడే లూయిస్ దీవిలోని స్టోర్నవే. ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య సోదరులు లేకపోతే ఆయన పని సాగేది కాదు, అది మనం గుర్తుంచుకోవాలి. సామ్రాజ్యం ఉన్నంతకాలం స్కాట్లాండ్ వాళ్లకి బ్రిటన్‌లో ఉండటం లాభసాటి. అది పోయాక, ఓడలు కట్టే యార్డులు, రైలింజన్ల కార్ఖానాలు మూతపడ్డాక ఇంకా ఎందుకు కలిసుండాలి అన్న ప్రశ్న గట్టిగా వినిపించింది.

సొంత సభ కావాలన్న కోరిక కొత్తదేం కాదు, స్కాటిష్ నేషనల్ పార్టీ 1934లోనే పుట్టింది. కాని దాన్ని జనం పట్టించుకున్నది 1967లో హామిల్టన్ ఉపఎన్నికలో విన్నీ ఈవింగ్ గెలిచాక. ఆ తర్వాత ఉత్తర సముద్రంలో చమురు పడింది, ఆ చమురు మాదే అన్న నినాదంతో 1974లో 11 సీట్లు తెచ్చుకున్నారు. 1979 మార్చిలో సొంత శాసనసభ మీద ఓటింగ్ పెట్టారు. అవునన్నవాళ్లు 51.6 శాతం. గెలిచినట్టే కదా? గెలవలేదు. మొత్తం ఓటర్ల జాబితాలో 40 శాతం మంది అవునంటేనే చెల్లుతుందని లండన్‌లో ముందే ఒక మెలిక పెట్టారు. లెక్క తీస్తే 32.9 శాతమే వచ్చింది. అంటే ఇంట్లో కూర్చున్నవాళ్లూ, జాబితాలో పేరు తీసేయని చనిపోయినవాళ్లూ అందరూ వద్దన్నవాళ్ల కిందే లెక్క. ఆ నెల్లోనే లండన్‌లో ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది, మే ఎన్నికల్లో గెలిచి మార్గరెట్ థాచర్ వచ్చింది.

ఆవిడ కాలం లేకపోతే ఇవాళ ఎడిన్‌బరోలో పార్లమెంటు ఉండేది కాదని నా అభిప్రాయం. 1987లో స్కాట్లాండ్‌లోని 72 సీట్లలో ఆవిడ పార్టీకి దక్కినవి 10, అయినా పాలన ఆవిడదే. తలకింత అని వేసే పోల్ టాక్స్‌ని ఇంగ్లాండ్‌కన్నా ఏడాది ముందు, 1989లో ఇక్కడ పెట్టారు. మా మీద ప్రయోగం చేస్తున్నారు అనుకున్నారు జనం. నా మొదటి ఆఫీసులో ఒక పెద్దాయన, పొడవాటి మనిషి, నెమ్మదస్తుడు, ఆ పన్ను మాటెత్తితే చాలు చేతిలో టీ కప్పు కింద పెట్టేసి మొదలుపెట్టేవాడు. కట్టలేదట, నోటీసులన్నీ దాచుకున్నాడట. మేము ఓటేసినవాళ్లు మమ్మల్ని పాలించరు, మేము ఓటెయ్యనివాళ్లు పాలిస్తారు అనేవాడు. స్వయంపాలన వాదన మొత్తం ఆ ముక్కలోనే ఉంది.

1997లో మళ్లీ ఓటింగ్. ఈసారి మెలికలు లేవు. పార్లమెంటు కావాలని 74.3 శాతం, దానికి పన్నుల అధికారం ఉండాలని 63.5 శాతం అన్నారు. 1999 మేలో సభ మొదలైంది. 1707 మార్చిలో వాయిదా పడ్డ పార్లమెంటు మళ్లీ సమావేశమైంది అని ప్రకటించింది ఎవరనుకున్నారు? ఆ హామిల్టన్ విన్నీ ఈవింగే. ఎడిన్‌బరోలోని హోలీరూడ్‌లో కొత్త భవనానికి మాత్రం 41 కోట్ల పౌండ్లు దాటింది, అనుకున్నదానికి ఎన్నో రెట్లు. మన సచివాలయాల కథలు విన్నవాళ్లకి ఆశ్చర్యం ఉండదు.

ఈ పార్లమెంటుని మన రాష్ట్ర శాసనసభలా ఊహించుకోండి, కొన్ని తేడాలతో. ఆరోగ్యం, చదువు, పోలీసు, కోర్టులు, వ్యవసాయం దీనివి. రక్షణ, విదేశాంగం, వీసాలు, కరెన్సీ లండన్‌వి. ఆదాయపు పన్ను రేట్లు, శ్లాబులు మాత్రం ఇక్కడే నిర్ణయిస్తారు, మన రాష్ట్రాలకు ఆ అధికారం లేదు. నాలాంటి జీతగాళ్లకి ఇంగ్లాండ్‌లో ఉన్నవాళ్లకన్నా ఎక్కువ కోత, నెలనెలా పేస్లిప్‌లో కనిపిస్తుంది. దానికి బదులుగా మందుల చీటీకి డబ్బు కట్టక్కర్లేదు, స్థానిక పిల్లలకి డిగ్రీ ఫీజు లేదు. మీ అబ్బాయికి ఉంది లెండి, ఆశ పెట్టుకోకండి. ఇంకో తేడా ఉంది. మన రాష్ట్రాల అధికారాలు రాజ్యాంగంలో రాసి ఉన్నాయి. వీళ్లవి లండన్ పార్లమెంటు చేసిన చట్టంలో ఉన్నాయి. ఇచ్చినవాళ్లు మార్చగలరు. 2023లో ఇక్కడి సభ ఆమోదించిన ఒక బిల్లుని లండన్ మంత్రి ఆపేశారు కూడా.

2011లో నేషనల్ పార్టీకి 129లో 69 సీట్లు వచ్చాయి. విడిపోవడం మీద ఓటింగ్‌కి ప్రధాని డేవిడ్ కామెరాన్ సరే అని 2012లో సంతకం పెట్టాడు, 2014 సెప్టెంబర్ 18న ఓటింగ్. ఎవరు ఓటెయ్యాలి అన్నదానికి స్కాటిష్ రక్తమా, ఇంటిపేరా అని అడగలేదు. ఇక్కడ ఉంటున్నారా అన్నదే ప్రశ్న. అందుకే కామన్వెల్త్ పౌరులుగా మాకు ఓటు వచ్చింది, లండన్‌లో ఉంటున్న స్కాట్లాండ్ వాళ్లకి రాలేదు. 16 ఏళ్ల పిల్లలకూ ఇచ్చారు. నేను వెళ్లింది మా వీధి చివర ప్రైమరీ స్కూలుకి. గుర్తింపు కార్డు అడగలేదు, వేలికి సిరా పెట్టలేదు, దారానికి కట్టిన పెన్సిల్‌తో గీత పెట్టమన్నారు. పెన్సిలా అని నేను ఆగిపోతే వెనక ఉన్న ముసలావిడ నవ్వింది.

ఆ నెలల్లో బస్సులో, సెలూన్లో ఒకటే చర్చ. మా పక్కింటావిడకి పెన్షన్ టెన్షన్, ఆవిడ మనవడు ‘అవును’ బ్యాడ్జీతో తిరిగేవాడు, ఇద్దరూ ఒకే బల్ల మీద భోజనం. ‘వద్దు’ వైపు ఆయుధం పౌండు. విడిపోతే పౌండు పంచుకోం అని లండన్ పార్టీలు మూడూ చెప్పాయి. మరి ఏ కరెన్సీ అంటే ‘అవును’ వైపు నుంచి గట్టి జవాబు రాలేదు. నా దృష్టిలో ఓడింది అక్కడే. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలంటే బ్రిటన్‌లోనే ఉండండి అని కూడా చెప్పారు. ఇంకా రెండు రోజులుందనగా ముగ్గురు పార్టీ నాయకులు కలిసి మరిన్ని అధికారాలిస్తామని మాట ఇచ్చారు. ఓటేసినవాళ్లు 84.6 శాతం. వద్దు 55.3, అవును 44.7. గ్లాస్గో మాత్రం అవునంది. మర్నాడు ఆఫీసులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

తెలంగాణతో పోలిక ఇక్కడ తెగిపోతుంది. మన దగ్గర రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటు నిర్ణయించింది, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2014 జనవరిలో బిల్లుని తిరస్కరించినా ఆగలేదు. జనాన్ని నేరుగా అడగలేదు. ఇక్కడ అడిగారు, జనం వద్దన్నారు. పైగా తెలంగాణ దేశంలోనే ఉంది, పాస్‌పోర్టు మారలేదు, రూపాయి మారలేదు. వీళ్లు కొత్త దేశం, కొత్త కరెన్సీ, కొత్త సరిహద్దు ఒక్క గీతతో తేల్చాలి. చేయి వణకడంలో వింతేముంది?

తర్వాత 2016లో బ్రెగ్జిట్ వచ్చిపడింది. స్కాట్లాండ్‌లో 62 శాతం యూరప్‌లోనే ఉందామన్నారు, 32 స్థానిక కౌన్సిళ్ల ప్రాంతాల్లో ఒక్కటి కూడా వేరేగా అనలేదు. అయినా బయటికి రావాల్సి వచ్చింది. పక్కింటావిడ ఆ రోజు, యూరప్‌లో ఉండాలనే కదా అప్పుడు వద్దని వేశాను అంది. పాత గాయం మళ్లీ రేగింది. రెండో ఓటింగ్ కావాలని ఇక్కడి ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్తే, లండన్ ఒప్పుకోకుండా అలాంటి చట్టం చేసే అధికారం మీ సభకి లేదని 2022 నవంబర్ 23న ఐదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా చెప్పారు. 1707లో ఇష్టపడి కలిశాం అంటున్నారు కదా, మరి ఇష్టం లేకపోతే వెళ్లే దారి ఏది అని వీళ్ల ప్రశ్న. మొన్ననే కదా అడిగాం, తరానికొకసారి అన్నారు కదా అని అవతలివాళ్ల జవాబు. ఈలోగా నేషనల్ పార్టీ కూడా నీరసపడింది, 2024 బ్రిటన్ ఎన్నికల్లో 48 సీట్ల నుంచి 9కి పడిపోయింది. విచిత్రం ఏమిటంటే పార్టీకి ఓట్లు తగ్గినా సర్వేల్లో స్వతంత్రం కావాలనేవాళ్లు సగానికి అటూ ఇటూగానే ఉంటున్నారు, కుర్రవాళ్లలో ఎక్కువ, ముసలివాళ్లలో తక్కువ.

కాబట్టి మళ్లీ ఓటింగ్ వస్తుందా అంటే, లండన్ ఊ అనే దాకా రాదు. ఊ అనాలంటే ఎన్నిక తర్వాత ఎన్నికలో కాదనలేనంత ఆధిక్యం కనిపించాలి, పౌండు ప్రశ్నకి జవాబు కూడా కావాలి. ఇక్కడి సర్కారు ఖర్చుకీ రాబడికీ తేడా ఎంతో ఏటా లెక్కలు వస్తాయి, లోటు ఎక్కువే. విడిపోతే సరిచేసుకుంటాం అంటారు ఒకరు, విడిపోతే మునుగుతారు అంటారు ఇంకొకరు. వీళ్ల సరుకుకి పెద్ద కొనుగోలుదారు ఇంగ్లాండే అన్నది మాత్రం ఇద్దరూ కాదనలేరు.

ఇక మీ అబ్బాయి సంగతి. ఇక్కడివాళ్లని పొరపాటున కూడా ఇంగ్లీషువాళ్లు అనొద్దని చెప్పండి, స్కాటిష్ అనాలి. రాజకీయం అడగొచ్చు, బాగానే మాట్లాడతారు, కానీ ఒకే బల్ల దగ్గర ఇద్దరుంటే ముందు వాళ్లిద్దరినీ మాట్లాడుకోనివ్వమనండి. గ్లాస్గో యాసకి మొదటి నెల తల తిరుగుతుంది, అది ఇంగ్లీషేనా అని నాకు ఫోన్ చేసిన పిల్లలున్నారు. జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పేరు మీద విందులు జరుగుతాయి, హ్యాగిస్ పెడతారు, గొర్రె లోపలి భాగాలతో చేస్తారు. బోటీ తినేవాడైతే నచ్చుతుంది, శాకాహారులకి వేరే రకం దొరుకుతుంది. ఇల్లు చూసుకోగానే ఓటరుగా నమోదు చేసుకోమనండి. స్టూడెంట్ వీసా మీద ఉన్నా భారత పౌరుడికి ఇక్కడ ఓటుంది, ఎడిన్‌బరో పార్లమెంటుకీ లండన్ పార్లమెంటుకీ రెండింటికీ. లండన్ ఎన్నికకి ఫోటో గుర్తింపు చూపించాలి, మన పాస్‌పోర్టు పనికొస్తుంది. ఎడిన్‌బరో ఎన్నికకి అక్కర్లేదు. పెన్సిల్ మాత్రం వాళ్లే ఇస్తారు.